ఎంటెక్‌లో సంభావ్యత, మా చేలో ఆరో బోరు

నా మొదటి అసైన్‌మెంట్‌లో సంభావ్యత 3.99 వచ్చింది.

సగటు సున్నా, ప్రామాణిక విచలనం 0.1 ఉన్న గాసియన్‌కి, అంటే గంట ఆకారపు గీతకి, సున్నా దగ్గర విలువెంత అన్నది ప్రశ్న. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ 3.99. సంభావ్యత ఒకటి దాటదని ఇంటర్ మ్యాథ్స్ 2ఎలోనే బట్టీ పట్టాను కదా, దశాంశ బిందువు ఎక్కడో జరిగిందనుకుని దాన్ని కొట్టేసి 0.399 అని రాసిచ్చాను. పేపర్ తిరిగొచ్చేసరికి, కొట్టేసిన అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి, "ఇదే కరెక్టు కదమ్మా, ఎందుకు కొట్టేశావు?" అని రాసి ఉంది. మార్కులు మాత్రం పడలేదు.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఓ చిన్న ఊరు. మూడెకరాల చిల్లర బత్తాయి తోట, రెండు బర్రెలు, అప్పటికి ఐదు బోర్లు. బీటెక్ జిల్లాలోనే చేశాను. అక్కడ సంభావ్యత సబ్జెక్టంటే పరీక్షకి వారం ముందు జిరాక్స్ షాపులో దొరికే పదహారు ఇంపార్టెంట్ క్వశ్చన్లు. అందులో పద్నాలుగు చదివి 81 మార్కులు తెచ్చుకున్నాను. ఆ 81ని నమ్ముకునే హైదరాబాద్‌లో ఎంటెక్‌కి వచ్చాను. 2024 గేట్‌లో డేటా సైన్స్ పేపర్ మొదటిసారి పెట్టారు, అదే రాశాను. ర్యాంకు ఓ మోస్తరుగా వచ్చింది. నెలకి 12,400 స్టైపెండ్ వస్తుందంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ 3.99 సంగతి నాకు విప్పి చెప్పింది సార్ కాదు, మా చిన్నమ్మ. వాళ్లది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద. ఓ ఆదివారం ఫోన్ చేసి, "ఎకరానికి నలభై బస్తాలు పడ్డయే ఈసారి" అంది. "నీకున్నదే ఇరవై గుంటలు, నలభై బస్తాలు ఏడ పెట్టినవ్ చిన్నమ్మా?" అని ఎగతాళి చేశాను. "నలభై ఎకరానికే, నాకు వచ్చినయి ఇరవై. ఎంటెక్ చదువుతున్నవ్, గది తెల్వదా?" అని ఆమె నన్ను తిట్టింది. ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ 3.99 కూడా అంతే: ఎకరానికి ఇన్ని బస్తాలన్నట్టు అదొక రేటు. సాంద్రత. ఎంత వెడల్పు మీద అని చెప్పనిదే అది సంభావ్యత కాదు. గుట్ట సన్నగా ఉంది కాబట్టి ఎత్తు దాదాపు నాలుగుకి లేచింది. కింద వైశాల్యం మొత్తం కూడితే ఒకటే. బీటెక్‌లో ఈ సూత్రం కనీసం రెండొందల సార్లు రాసి ఉంటాను.

మొదటి సెమిస్టర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మాత్రికలు, ఐగెన్ విలువలు, వెక్టర్‌ని పట్టి డెరివేటివ్ తీయడం, అన్నీ కాగితం మీద చేత్తో. క్లాసులో ఢిల్లీ, బెంగాల్ పిల్లలు సార్ బోర్డు మీద రాయకముందే తర్వాతి లైను చెప్పేసేవాళ్లు. నేను రూముకొచ్చి అదే లైనుకి రెండు పేజీలు పెట్టేదాన్ని. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. షరతుతో కూడిన సంభావ్యతలో నిలువు గీత ఉంటుంది కదా, దాన్ని ఇంగ్లీషులో ఎడమ నుంచి కుడికి చదువుతారు. నా బుర్ర తెలుగులో నడుస్తుంది. తెలుగులో షరతే ముందు రావాలి: "వాన పడితే, వాగు పారే అవకాశం". అంటే గీతకి కుడివైపున ఉన్నది ముందు చదివి ఎడమకి రావాలి. ఇది గుర్తించక నెల రోజులు రెండింటినీ తారుమారు చేశాను. మోడల్ తెలిస్తే డేటా ఇలా వచ్చే అవకాశం ఒకటి, డేటా చూశాక మోడల్ ఇలా ఉండే అవకాశం ఇంకొకటి. మొదటిది లైక్లీహుడ్, రెండోది పోస్టీరియర్. ఆ తర్వాత నోట్సులో ప్రతి సూత్రం కింద తెలుగులో ఓ వాక్యం రాయడం మొదలుపెట్టాను. పక్క బెంచీ అమ్మాయి చూసి అది మంత్రమా అనడిగింది.

రెండింటినీ కలిపే సూత్రం థామస్ బేయ్స్‌ది. ఆయన పోయాక, 1763లో, స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ ఆ వ్యాసాన్ని అచ్చు వేయించాడు. పుస్తకాల్లో దానికి నాణేలు, ఎర్ర బంతులు, రోగ పరీక్షలు ఉదాహరణలు. మాకైతే బోర్లున్నాయి.

దసరా సెలవులకి ఇంటికెళ్తే నాయిన ఆరో బోరు మాట ఎత్తాడు. ఐదింట్లో రెండే పడ్డాయి, మూడు దుమ్ము లేపి పోయాయి. పడ్డ రెండింట్లో ఒకటి ఎండాకాలం రాగానే గురక పెడుతుంది. తోట కాపుకొచ్చింది. మాది గట్టి రాయి నేల. నీళ్లు గ్రానైట్ పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగిలితే పంట, తగలకపోతే అప్పు. నోట్సు వెనక పేజీ చింపి లెక్క వేశాను.

డేటా చూడకముందు మన అంచనాని ప్రైర్ అంటారు. దాన్ని బీటా అనే పంపిణీతో రాస్తే, అందులో మొదటి అంకె పడ్డవాటితో, రెండోది పడనివాటితో పెరుగుతుంది. ఏమీ తెలియదనుకుని మొదలుపెడితే ప్రైర్ బీటా ఒకటి, ఒకటి. రెండు పడ్డాయి, మూడు పడలేదు. కలిపితే బీటా మూడు, నాలుగు. సగటు ఏడింట మూడు, అంటే 43 శాతం. నాయిన మొహం వెలిగింది. కానీ 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అది 12 నుంచి 78 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెడల్పుంటే చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

"గంతేనా? పన్నెండూ అంటవ్, డెబ్బై ఎనిమిదీ అంటవ్. గా మాత్రం నేను జెప్పనా?" అన్నాడు నాయిన.

నిజమే. అప్పుడు చుట్టుపక్కల చేన్ల లెక్క అడిగాను. నాయిన వేళ్లు మడిచి ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోయాడు. ఇరవై బోర్లలో ఆరు పడ్డాయి. దాన్ని ప్రైర్‌గా పెడితే బీటా ఏడు, పదిహేను. మా ఐదూ కలిపితే బీటా తొమ్మిది, పద్దెనిమిది. సగటు సరిగ్గా మూడింట ఒకటి. వెడల్పు 17 నుంచి 52 శాతానికి తగ్గింది. పక్కవాళ్ల నష్టాల వల్ల మా లెక్క కుదురుకుందన్నమాట. ఆ మాట పైకి అనలేదు.

మర్నాడు నీళ్లు చూసేటాయన వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. తూర్పు గట్టు దగ్గర కాయ నిటారుగా లేచింది. నాయిన నా వైపు చూశాడు. ఆ చూపుకి జవాబుగా బర్రెల కొట్టం గోడ మీద బొగ్గుతో రాశాను. ఈయన కాయ లేచిన చోట వేసినవే మన బోర్లన్నీ. నీళ్లున్న చోట పదిసార్లలో తొమ్మిదిసార్లు లేస్తుందనుకుందాం. నీళ్లు లేని చోట? మూడు దుమ్ము బోర్ల దగ్గరా లేచింది కదా. అక్కడా పదికి తొమ్మిదే అనుకుందాం. మూడింట ఒకటిని 0.9తో, మూడింట రెండుని 0.9తో గుణించి భాగించు. మళ్లీ మూడింట ఒకటే. కాయ లేచినా మనకి కొత్తగా తెలిసిందేమీ లేదు.

నాయిన గోడని చాలాసేపు చూశాడు. "మరి లేవని కాడ ఎన్నడన్న ఏసినమా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కాయ లేవని చోట మేం ఒక్క బోరూ వేయలేదు, ఎవరూ వేయరు కూడా. అక్కడ పది వేస్తే పదీ ఎండిపోయేవేమో, కాయకి నిజంగానే ఏదో తెలుసేమో, మా దగ్గరున్న లెక్కతో అది తేలదు. ఇంత సూటి ప్రశ్న క్లాసులో ఎవరూ వేయగా నేను వినలేదు. తిరిగెళ్లాక సార్‌కి చెబితే ఆయన పది నిమిషాలు నవ్వి, వచ్చే వారం ఎంపిక పక్షపాతం పాఠాన్ని దాంతోనే మొదలుపెట్టారు. నాయిన పేరు చెప్పలేదు, "ఒక రైతు" అన్నారు. నాకు కొంచెం కష్టమనిపించింది.

రెండో సెమిస్టర్‌లో నన్ను ఏడిపించింది ఈఎం (ఎక్స్‌పెక్టేషన్-మాగ్జిమైజేషన్) అల్గారిథం. డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్ 1977లో దానికి ఆ పేరు పెట్టి బయటికి తెచ్చారు. చెబితే తేలికే. రెండు రకాల బత్తాయిలు ఒకే కుప్పలో కలిసిపోయాయనుకోండి, ఏ కాయ ఏ రకమో ఎవరూ రాసిపెట్టలేదు. ముందు ఏదో ఒక ఊహతో ప్రతి కాయకీ "ఇది మొదటి రకం అయ్యే వాటా 0.7, రెండోది 0.3" అని పంచాలి. ఆ వాటాలతో రెండు రకాల సగటు బరువులూ కొత్తగా కట్టాలి. కొత్త సగటులతో మళ్లీ వాటాలు. ఇలా తిప్పుతూ పోతే లైక్లీహుడ్ పెరగాలి, లేదా అక్కడే ఆగాలి. తగ్గడం మాత్రం ఉండదు, దానికి రుజువుంది.

నాది తగ్గింది. పన్నెండో రౌండు దాకా పెరిగి పదమూడో రౌండులో కిందికి దిగింది.

అంతకుముందే ఒక గండం గడిచింది. మొదటిసారి నడిపినప్పుడు స్క్రీన్ నిండా "నాన్" అని వచ్చింది, అంటే అది అసలు సంఖ్యే కాదని. చిన్న సంభావ్యతల్ని వరసగా గుణించుకుంటూ పోతే కంప్యూటర్‌కి ఓ హద్దు ఉంటుంది. 0.001ని 110 సార్లు గుణిస్తే పది టు ది పవర్ మైనస్ 330, అంత చిన్నది దాని గడిలో పట్టదు, సున్నా అయిపోతుంది. సున్నాని సున్నాతో భాగిస్తే నాన్. గుణకారాలన్నీ లాగ్‌లోకి మార్చి కూడికలు చేసుకున్నాక అది పోయింది. ఆ గర్వం మీద ఉండగానే ఈ పదమూడో రౌండు.

మూడు రాత్రులు ల్యాబ్‌లోనే. రుజువు తప్పేమో అని కూడా ఓసారి అనుమానించాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మూడో రాత్రి, వాచ్‌మన్ తాత లైట్లు ఆర్పుతానని రెండోసారి వచ్చి వెళ్లాక, వేరే దారి లేక ఐదే ఐదు కాయలు తీసుకుని వాటాలు కాగితం మీద రాశాను. ప్రతి వరసలో రెండు వాటాలూ కూడితే ఒకటి రావాలి. మొదటి వరస కూడితే 0.31. రెండోది 0.52. నిలువుగా కూడితే మాత్రం చక్కగా ఒకటి. కోడ్‌లో అడ్డంగా కూడాలో నిలువుగా కూడాలో చెప్పే యాక్సిస్ ఒకటి అని ఉండాల్సిన చోట సున్నా అని కొట్టాను. కాయని రెండు రకాలకి పంచే బదులు రకాన్ని కాయలన్నింటికీ పంచుతున్నాను. ఒక్క అంకె. మార్చి నడిపితే గీత మెట్లెక్కినట్టు ఎక్కి ఆగింది. అప్పటి నుంచి ఏ కోడ్ రాసినా ముందు ఐదు కాయల లెక్క చేత్తో చేస్తాను. జూనియర్లకి ఇది చెబితే వినరు, మేమూ వినలేదు.

ఆ సెమిస్టర్‌లోనే క్రామెర్-రావు హద్దు చెప్పారు. పక్షపాతం లేని అంచనా ఏదైనా సరే, ఇంత డేటా నుంచి ఇంతకన్నా కచ్చితంగా కట్టలేవని చెప్పే సూత్రం. ఆ రావు మన సి.ఆర్. రావు, ఆంధ్ర యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన తెలుగాయన, 1945 పేపర్ అది, అప్పటికాయనకి పాతికేళ్లు కూడా నిండలేదు అంటే క్లాసులో సగం మంది తలెత్తారు. 2023లో పోయేటప్పటికి ఆయనకి నూటరెండేళ్లు. కలవరపడ్డానికి నాకు ఇంకో కారణం దొరికింది: అప్పటికి నాకు ఇరవై మూడు.

రెండో ఏడు ప్రాజెక్టు. మేడమ్ నాలుగు టాపిక్కులిచ్చారు, నేను ఐదోది అడిగాను: మా మండలం బోరు నీళ్లలో ఫ్లోరైడ్. మా నాయనమ్మ నడుము వంగిపోయే బతికింది. తల ఎత్తి ఎదుటి మనిషి మొహం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాల్సి వచ్చేది. మా నేల కింది రాళ్లలోనే ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి, లోతుకి పోయేకొద్దీ నీళ్లు రాయితో ఎక్కువ కాలం నానతాయి. భారత ప్రమాణం లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. నాగ్‌పూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించింది. మన జిల్లా పేరు కెమిస్ట్రీ పుస్తకాలకెక్కింది ఇలాగ.

శని, ఆదివారాలు ఊళ్లు తిరిగి నీళ్లు పట్టాను. గాజు సీసాలు పనికిరావు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది, అందుకని ప్లాస్టిక్ సీసాలే. మాల్ మీదుగా సాగర్ రోడ్డు బస్సులో రెండు సంచుల నిండా నీళ్ల సీసాలు, చేతిలో జీరో టికెట్. "హైదరాబాద్‌ల నీళ్లు దొర్కవా చెల్లె?" అన్నాడు కండక్టర్. కొలతలు కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో చేశాం. వాటికి తోడు ఓ పాత రిజిస్టర్ దొరికింది. అందులో కొన్నిచోట్ల అంకె బదులు "0.5 లోపు" అని ఉంది. నేను గడుసుగా 0.25 వేసేశాను. మేడమ్ ఒప్పుకోలేదు. "వాళ్లు లోపు అన్నారు, నువ్వు సగం అన్నావు. వాళ్లకి తెలియనిది నీకెలా తెలిసింది?" అన్నారు. అలాంటి చోట ఒక విలువ కాకుండా, 0.5 లోపు మొత్తం సంభావ్యతనీ లైక్లీహుడ్‌లో పెట్టాలి.

అసలు డేటా ముట్టుకునే ముందు నకిలీ డేటా పుట్టించి, అందులో మనం దాచిన అంకెల్ని మోడల్ తిరిగి కనిపెడుతుందో లేదో చూడమన్నారు. నాకది టైమ్ వేస్ట్ అనిపించింది. తీరా చూస్తే నా మోడల్ నకిలీ డేటా మీదే తన్నుకుంది. ఊరూరికీ ఒక సగటు, ఊళ్ల సగటులన్నింటి మీదా మళ్లీ ఒక పంపిణీ, ఇలా అంతస్తులుగా కట్టాను. స్టాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో నాలుగు చెయిన్లు, అంటే విడివిడిగా విలువలు వెతికే నాలుగు నడకలు, వదిలితే దారి తప్పానని చెప్పే డైవర్జెన్స్ హెచ్చరికలు వందల్లో. ఊళ్ల మధ్య తేడా తక్కువయ్యేకొద్దీ ఆ ప్రదేశం గరాటులా సన్నబడుతుంది, పైన పెద్ద అంగలేసే శాంప్లర్ (ఆ విలువలు వెతికే ప్రోగ్రామ్) కింద మూతిలోకి దిగలేదు. ఊరి సగటుని నేరుగా వెతకకుండా "మొత్తం సగటు, దానికి ఊళ్ల మధ్య తేడాకి ఇన్ని రెట్లు కలపాలి" అని తిప్పి రాస్తే గరాటు మామూలు గంపయింది. అర్థం మారదు, రాసే తీరే మారుతుంది. హెచ్చరికలు ఆగాయి.

ఓ తండాలో రెండు సీసాలే పట్టగలిగాను. రెండింట్లోనూ ఫ్లోరైడ్ చాలా ఎక్కువ వచ్చింది. మోడల్ ఆ తండా సగటుని మిగతా ఊళ్ల వైపు కిందికి లాగింది. రెండే కొలతలు కదా, అంత నమ్మకు అని. ఫలితాలు చెప్పడానికి వెళ్తే అక్కడి పెద్దమనిషి ఊరుకోలేదు. "మా నీళ్లు నువ్వు జూసినదానికన్న మంచిగున్నయంటున్నవా?" ఇలా సగటు వైపు లాగడాన్నే ష్రింకేజ్ అంటారు, ఆయనకి అది ఎలా చెప్పను? సగటు మాట వదిలేసి, 1.5 దాటే సంభావ్యత తీసి చూశాను. కిందికి లాగాక కూడా పదింట తొమ్మిది పైనే. అదే చెప్పాను. "గట్ల జెప్పు మరి" అన్నాడు. థీసిస్‌లో సగటుల పట్టిక అనుబంధంలోకి పోయింది, దాటే సంభావ్యతల పట్టిక ముందుకొచ్చింది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా, ఈ లెక్కలెందుకు అన్నారు. పైపు ఆగిన రోజు బోరే దిక్కు సార్, బర్రెలెప్పుడూ బోరు నీళ్లే తాగుతాయి అన్నాను. తర్వాత, "బోర్లని ర్యాండమ్‌గా ఎంచారా?" అన్నారు. నాయిన గుర్తొచ్చాడు. లేదు సార్, బస్సు రోడ్డుకి దగ్గరగా ఉండి, ఆదివారం మనుషులు ఇంట్లో ఉన్నవే, అని ఒప్పుకున్నాను. ఆయన రాసుకున్నారు. ఎ గ్రేడే వచ్చింది, పైది రాలేదు.

ఇంటికెళ్లేసరికి ఆరో బోరుకి బండి మాట్లాడేశాడు నాయిన. "మూడింట ఒకటి అన్నవ్ కదా, మూడు ఎండినంక ఒకటి పడాలె" అన్నాడు. అట్లా కాదని చెప్పబోయాను. గత మూడూ ఎండాయి కాబట్టి తర్వాతిది పడుతుందని కాదు, పైగా ఒకే చేలో బోర్లు ఒకదానికొకటి సంబంధం లేనివీ కావు, నా లెక్కలో ఆ లోపం మొదటి నుంచీ ఉంది. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. అప్పు ఆయనది, తోట ఆయనది.

బండి తూర్పు గట్టు దగ్గరే ఆగింది. 200 ఫీట్ల దాకా తెల్ల దుమ్ము. 300 దగ్గరా దుమ్మే. అమ్మ లోపలికెళ్లిపోయింది. 410 దగ్గర దుమ్ము తడిసి ముద్దలుగా పడింది, ఆ వెనక బురద నీళ్లు. డ్రిల్లర్ ఇంకో 40 ఫీట్లు దింపి, ఆపి, చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఇంచు లోపే. తోటకి చాలదు, బర్రెలకీ ఇంటికీ సరిపోతుంది.

నాయిన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఇప్పుడు జెప్పు బిడ్డా. నీ లెక్కల పడ్డది అని రాస్తవా, పడలే అని రాస్తవా?"

నా మోడల్‌లో ఉన్నవి ఆ రెండు గడులే. సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి పైపు కింద పట్టాను. బురద నిండింది. మూత పెట్టి, చీటీ మీద తేదీ, లోతు 450 ఫీట్లు అని రాశాను.